మెడలో గొట్టంతో వచ్చిన మనిషి: ఉద్దానం నుంచి ఒక కేస్ స్టడీ

కొత్తగా డయాలసిస్‌కు వచ్చిన మనిషిని చూడగానే మా టెక్నీషియన్ల చూపు ముందు మెడ మీదికి పోతుంది, తర్వాత చేతి మీదికి. మెడలో గొట్టం ఉంటే ప్రాణం మీదికి వచ్చాకే వైద్యం దొరికిందని అర్థం. చేతికి ఫిస్టులా ఉంటే ఎవరో డాక్టరు ముందు నుంచీ చూస్తూ వచ్చారని అర్థం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెడలో గొట్టంతోనే వస్తారు. అలా వచ్చిన ఒకామె కథ ఇది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. ఊరి పేరు గానీ, దారిలో తగిలిన ఆసుపత్రుల పేర్లు గానీ రాయడం లేదు. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, కిడ్నీ స్పెషలిస్టును కాదు. ఇక్కడి ఒక డయాలసిస్ యూనిట్ బాధ్యత చూస్తాను.

ఫిస్టులా గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కిడ్నీల బదులు రక్తాన్ని వడకట్టే డయాలసిస్ మెషీన్‌కు నిమిషానికి పావు లీటరుకు పైగా రక్తం కావాలి. మామూలు సిర అంత ఇవ్వలేదు. అందుకే చేతిలో ఒక ధమనిని పక్కనున్న సిరతో కలిపి కుడతారు. ఆ ఒత్తిడికి సిర కొన్ని వారాల్లో లావై, గోడలు గట్టిపడి, సూది పడేంత బలంగా తయారవుతుంది. చెయ్యి పెట్టి చూస్తే లోపల జుమ్మని తెలుస్తుంది. దానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే డయాలసిస్ అవసరం పడడానికి కొన్ని నెలల ముందే ఆ ఆపరేషన్ అయిపోవాలి. అంత సమయం లేనప్పుడు మెడలోని పెద్ద సిరలోకి ప్లాస్టిక్ గొట్టం వేస్తారు. అది ఆ పూటకు ప్రాణం నిలబెడుతుంది. అదే గొట్టం గుండె దాకా సూక్ష్మజీవులకు దారి కూడా.

2022 ఆగస్టు చివర్లో ఆమె మా యూనిట్‌కు వచ్చింది. వయసు 43, బరువు 41 కిలోలు. అప్పటికి మూడు వారాలుగా కుడి మెడలో తాత్కాలిక గొట్టం ఉంది. మొదటి సెషన్ రెండో గంటలో చలి పట్టుకుంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. జ్వరం 103 దాటింది, బీపీ 80కి పడిపోయింది. గొట్టం చుట్టూ చర్మం ఎర్రబడి చీము కనిపించింది. మెషీన్ ఆపి, రక్తం శాంపిల్ తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్షకు ల్యాబ్ మాకు లేదు, శాంపిల్ శ్రీకాకుళం పంపాలి. రిపోర్టు మూడో రోజు వచ్చింది: స్టాఫిలోకాకస్ ఆరియస్. చర్మం మీద ఉండే సూక్ష్మజీవే, గొట్టం పట్టుకుని లోపలికి పోయింది. గొట్టం తీసేసి, రెండు రోజులు ఆగి, వేరే చోట కొత్తది వేయించాల్సి వచ్చింది. డయాలసిస్ లేని ఆ రెండు రోజులు ఆమె రక్తంలో పొటాషియం గుండె ఆగేంతగా పెరుగుతుందేమోనని మాకు పట్టుకున్న టెన్షన్ నాకింకా గుర్తుంది.

జ్వరం తగ్గాక ఆమె కూతురు ఒక పాలిథిన్ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందులో రెండున్నరేళ్ల కాగితాలు ఉన్నాయి. ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ కవరులోదే.

అన్నిటికన్నా అడుగున 2020 జనవరి నాటి ఒక చిన్న చీటీ ఉంది. ఊళ్లో కిడ్నీ పరీక్షల క్యాంపు పెట్టినప్పటిది. సీరం క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టలేక రక్తంలో మిగిలిపోయే వ్యర్థం, 1.9. వయసు 41, మనిషి ఆడమనిషి. లెక్క వేస్తే కిడ్నీల వడపోత శక్తి 33 దగ్గర వస్తుంది, అయిదు స్టేజీల్లో మూడోది. షుగర్ లేదు, బీపీ లేదు, మూత్రంలో ప్రొటీన్ కొద్దిగానే ఉంది. ఉద్దానం జబ్బు తీరే ఇది. 1990ల నుంచీ విశాఖ కేజీహెచ్ డాక్టర్లు గమనిస్తూ వచ్చింది ఇదే: షుగర్, బీపీ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులా మొదలు కాదు, కాళ్ల వాపులు రావు, మనిషి పనికి పోతూనే ఉంటాడు, లోపల కిడ్నీలు మాత్రం ఎండిపోతుంటాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, మధ్య అమెరికాలో చెరకు కూలీలకు వచ్చే జబ్బు కూడా ఇలాంటిదే. నీళ్లా, పురుగు మందులా, ఎండలో చాకిరీనా, నొప్పి మాత్రలా, పుట్టుకతో వచ్చిందా అన్న చర్చ ఏళ్ల తరబడి నడుస్తోంది. ఒక్క కారణం అని ఇంకా తేలలేదు.

చీటీ కింద ‘రివ్యూ విత్ నెఫ్రాలజిస్ట్’ అని, అంటే కిడ్నీ స్పెషలిస్టుకు చూపించుకోమని, ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ చేతిరాత నాది.

ఆ క్యాంపులో నేనున్నాను. ఆ రోజు వరసలో వచ్చిన వాళ్లందరికీ అలాగే రాసి ఇచ్చాను. ఆమె అయిదో తరగతి దాకా చదివింది, తెలుగు కూడబలుక్కుని చదవగలదు. ఇంగ్లీషు రాదు. నెఫ్రాలజిస్టు అంటే ఎవరో, ఎక్కడుంటారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా విశాఖ పోవాలి, ఆమె ఊరి నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చి బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. “ఏదో చీటీ ఇచ్చారు డాక్టరమ్మా, బియ్యం డబ్బాలో దాచాను. ఒంట్లో ఏటీ తెలీనేదు, బానే ఉన్నాను కదా అనుకున్నాను,” అంది. బాగానే ఉన్నాననుకోవడం ఆమె తప్పు కాదు. మూడో స్టేజిలో ఒంట్లో ఏమీ తెలియదు. తెలియదు కాబట్టే అప్పుడు డాక్టరు అవసరం.

కవరులో ఆ తర్వాతి కాగితాలన్నీ ఊళ్లో ఆర్‌ఎంపీ రాసిన మందుల చీటీలు. ఆమె జీడి ఫ్యాక్టరీలో పని చేసేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చే దాకా వాళ్లకు ఎకరం లోపు కొబ్బరి తోట ఉండేది. ఒక్క రాత్రిలో చెట్లన్నీ పడిపోయాయి. మళ్లీ మొక్క పెడితే కాపుకు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది కాబట్టి భర్త హైదరాబాద్ భవనాల పనికి వెళ్లిపోయాడు, ఆమె జీడి పిక్కలు కొట్టడానికి చేరింది. కిలోకు ఇంత అని కూలి. జీడి సొన చర్మాన్ని కాలుస్తుంది, చేతులకు బూడిద రాసుకుని కూర్చుంటారు. సాయంత్రానికి నడుము, మెడ, భుజాలు పట్టేస్తాయి. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, నీరసానికి సెలైన్. చీటీలు లెక్కపెడితే ఏడాదిన్నరలో నొప్పి ఇంజెక్షన్లు నలభై దాటాయి. సెలైన్ పెట్టినప్పుడల్లా ఎడమ చేతికే పెట్టేవాడు, ఎందుకంటే కుడి చేత్తో పని చేసుకోవాలి కదా. సగం పోయిన కిడ్నీల మీద నొప్పి ఇంజెక్షన్లు పడ్డాయి. రేపు ఫిస్టులాకు కావలసిన సిరలు సెలైన్‌కు పోయాయి.

ఆ ఆర్‌ఎంపీని తిట్టి ఊరుకోవడం నాకు చేతకాదు. రాత్రి పదింటికి తలుపు కొడితే తీసేది ఆయనే. అప్పు పెట్టేదీ ఆయనే. 1.9 అని రాసిన చీటీ ఆయన దాకా వెళ్లలేదు.

2022 జులైలో వాంతులు, ఒళ్లంతా దురద మొదలయ్యాయి. గ్యాస్ అన్నారు. ఆగస్టు మొదటి వారంలో ఒక రాత్రి పడుకుంటే ఊపిరి ఆడలేదు. 108కి ఫోన్ చేస్తే బండి అరగంటలో వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. క్రియాటినిన్ 11.8, యూరియా 220, పొటాషియం 6.7, హిమోగ్లోబిన్ 5.9. స్కానింగులో రెండు కిడ్నీలూ ఏడున్నర సెంటీమీటర్ల లోపే. మామూలుగా పది దాకా ఉండాలి. అక్కడ డయాలసిస్ మెషీన్లు ఉన్నాయి, ఖాళీగా కూడా ఉన్నాయి. మెడలో గొట్టం వేసే డాక్టరు ఆ రాత్రి లేరు. కాల్షియం, ఇన్సులిన్, గ్లూకోజ్ ఇచ్చి గుండె ఆగకుండా చూసుకుని విశాఖ పంపించారు. అయిదు గంటల ప్రయాణం. మెషీన్ పక్కనే ఉండగా, గొట్టం వేసే అరగంట పని కోసం, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన మనిషిని జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్లు పంపడం ఎంత ప్రమాదమో వైద్యం తెలిసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు.

విశాఖలో అంబులెన్సు ఒక ప్రైవేటు ఆసుపత్రి దగ్గర ఆగింది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. కార్డులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. ఆ తేడా తేలేదాకా అడ్వాన్సు కట్టమన్నారు. ఆమె తమ్ముడు తెల్లవారేలోగా ఫోన్ల మీద నలభై వేలు పోగేశాడు. ఎనిమిది రోజుల తర్వాత బయటికి వచ్చేసరికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తొంభై వేల అప్పు మిగిలింది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. డయాలసిస్ ఖర్చు పథకం భరిస్తుంది, ఇన్ని వేల కుటుంబాలు దాని వల్లే నిలబడ్డాయి. అయినా కార్డు పనిచేయని మొదటి రాత్రే ఆ ఇంటిని ముంచింది.

డిశ్చార్జి కాగితంలో వారానికి రెండు డయాలసిస్‌లు అని, ఫిస్టులా వేయించుకోవాలి అని రాశారు. తాత్కాలిక గొట్టం ఎన్నాళ్లు ఉంచాలో, తడవకుండా ఎలా చూసుకోవాలో, జ్వరం వస్తే ఏం చేయాలో లేదు. ఆగస్టు ఉక్కపోతలో రేకుల ఇంట్లో ఆ కట్టు ఎన్నిసార్లు చెమటకు తడిసి ఊడిందో ఆమె చెప్పింది. మా దగ్గర సీటు ఖాళీ అయ్యేదాకా మధ్యలో మూడు చోట్ల డయాలసిస్ చేయించుకుంది. హెపటైటిస్ బీ టీకా వేయలేదు. అది కూడా ముందు చేయాల్సిన పనే: డయాలసిస్ వాళ్లకు రెట్టింపు డోసుతో ఆరు నెలల్లో నాలుగు సార్లు వేయాలి. కిడ్నీలు పూర్తిగా పోకముందు వేస్తే బాగా పట్టుకుంటుంది.

సరిగ్గా అదే నెలలో, విశాఖలో నాతో పాటు చదువుకున్న ఒక మిత్రుడు తన పేషెంటు గురించి ఫోన్లో చెప్పాడు. బ్యాంకు ఉద్యోగి, వయసు నలభై ఆరు. షుగర్ వల్ల కిడ్నీలు పోయాయి. మూడేళ్లుగా రెండు నెలలకోసారి చూపించుకుంటున్నాడు. వడపోత 20కి పడగానే ఎడమ చేతికి సూది వేయవద్దని చెప్పారు, 15 దగ్గర ఫిస్టులా వేశారు, టీకాలు అయిపోయాయి, హిమోగ్లోబిన్ పది దాటి ఉంది. ఒక సోమవారం ఉదయం భార్యతో కారులో వచ్చి డయాలసిస్ మొదలుపెట్టుకుని, గురువారం బ్యాంకుకు వెళ్లిపోయాడు. చివరికి ఇద్దరూ పడుకునేది ఒకే రకం మెషీన్ మీద. ఇద్దరికీ నాలుగు గంటలే, సెషన్‌కు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరే. లెక్కల్లో ఇద్దరూ ‘డయాలసిస్ అందిన పేషెంట్లు’ అనే ఒకే గడిలోకి వస్తారు. వాళ్లిద్దరి మధ్య తేడా అంతా మెషీన్ ఎక్కకముందు గడిచిన రెండేళ్లలో ఉంది. ఆ రెండేళ్లను మనం ఎక్కడా లెక్కపెట్టడం లేదు.

ఉద్దానానికి ఏమీ రాలేదని నేను అనను. మెషీన్లు వచ్చాయి. డయాలసిస్ వాళ్లకు 2019 నుంచి నెలకు పది వేల పింఛను వస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి సుమారు 700 కోట్ల ఖర్చుతో తాగునీటి పథకం వచ్చింది. ఇవన్నీ జనం పోరాడి తెచ్చుకున్నవి. అయినా డయాలసిస్ లేని కిడ్నీ రోగికి పింఛను ఎప్పుడు వస్తుందో చూడండి: క్రియాటినిన్ 5 దాటాలి, లేదా వడపోత 15 కంటే తగ్గాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోయినట్టు స్కానింగులో కనిపించాలి. అంటే కాపాడుకోవడానికి ఏమీ మిగలని రోజు సాయం మొదలవుతుంది. క్రియాటినిన్ 1.9 ఉన్న మనిషికి విశాఖ పోను రాను చార్జీలు, రెండు రోజుల కూలి ఎవరూ ఇవ్వరు. ఇస్తే ఆమెకు డయాలసిస్ రాదని చెప్పలేను. కొన్నేళ్లు ఆలస్యమయ్యేది. వచ్చిన నాడు నడుచుకుంటూ వచ్చేది.

ఫిస్టులా వేయించి, అది వాడకానికి వచ్చేసరికి మాకు అయిదు నెలలు పట్టింది. రక్తనాళాల సర్జన్ విశాఖలోనే ఉన్నారు. చూపించుకోవడానికి ఒకసారి, సిరల స్కానింగుకు ఒకసారి, ఆపరేషన్‌కు ఒకసారి, కుట్లు చూపించడానికి ఒకసారి. ఆమెకు మంగళవారం, శుక్రవారం డయాలసిస్. శనివారం పొద్దున్నే పలాస నుంచి రైలెక్కితే ఆదివారానికి ఇల్లు చేరాలి. తోడు ఎవరో ఒకరు రావాలి. భర్త హైదరాబాద్ పని మానుకుని వచ్చేశాడు. ఇంటర్ పాసైన పెద్ద కూతురు డిగ్రీలో చేరకుండా అమ్మ కూర్చున్న చోటే ఫ్యాక్టరీలో కూర్చుంది. మణికట్టు దగ్గర వేసిన మొదటి ఫిస్టులా పది రోజులకే గడ్డకట్టి ఆగిపోయింది. సెలైన్లు పెట్టిన సిర అది. సర్జన్ తప్పేమీ లేదు, సిరలో ప్రాణం లేదు. రెండోది మోచేతి దగ్గర వేశారు. ఈలోగా మెడ గొట్టం ఇంకోసారి మార్చాం, ఇంకోసారి జ్వరం వచ్చింది.

2023 ఫిబ్రవరిలో మొదటిసారి చేతికి సూదులు వేసిన రోజు మా సీనియర్ టెక్నీషియన్ రెండుసార్లు తాకి చూసి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగి, వేశాడు. రక్తం మెషీన్‌లోకి నిండుగా వెళ్లింది. తర్వాతి వారం మెడలో గొట్టం తీసేశాం. ఇంటికెళ్లి తలస్నానం చేసి వచ్చింది. ఆరు నెలలుగా తలారా నీళ్లు పోసుకోలేదు. హిమోగ్లోబిన్ పెంచే ఎరిత్రోపొయటిన్ ఇంజెక్షన్లు, ఐరన్ సాగుతున్నాయి. వేసవికి హిమోగ్లోబిన్ 9.4 అయింది. మళ్లీ వంట తనే చేసుకుంటోంది.

కిడ్నీ మార్పిడి సంగతి కూడా రాయాలి. ఆమె వయసుకు అసలైన వైద్యం అదే. భర్త రక్తం గ్రూపు సరిపోయింది, ఆరోగ్యవంతుడు. అతను ఇస్తానన్నాడు కూడా. పెద్దలు ఒప్పుకోలేదు. “సంపాదించే మగోడు, వాడికేటైనా అయితే ఇల్లు ఏటవుతాది?” అని అత్తగారు నా గదిలోనే అడిగింది. ఆమెను కాదనడానికి నా దగ్గర మాట లేదు, భయం నిజమైనదే. కానీ నేను ఇదే యూనిట్‌లో భర్తలకు కిడ్నీ ఇచ్చిన భార్యలను, కొడుకులకు ఇచ్చిన తల్లులను చూశాను. వాళ్ల కోసం ఇలా పెద్దలు కూర్చుని మాట్లాడుకోవడం ఒక్కసారి కూడా చూడలేదు. జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 దాకా దేశంలో 36,640 అవయవ మార్పిడులు జరిగితే మగవాళ్లకు జరిగినవి 29 వేలకు పైగా, ఆడవాళ్లకు 6,945. ఆమె ఆ అంకెలో లేదు. ఆమె తల్లి ఇస్తానని వచ్చింది గానీ అరవై నాలుగేళ్లు, బీపీ ఉంది, పనికిరాదన్నారు. రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. బ్రెయిన్ డెడ్ దాత నుంచి అవయవం వచ్చిందని ఫోన్ వస్తే కొన్ని గంటల్లో విశాఖలో ఉండాలి. అర్ధరాత్రి వస్తే ఎలా వెళ్తుందో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక ఆటో డ్రైవరు నంబరు ఆమె గోడ మీద రాసుకుంది.

ఆ చీటీ మీద నా చేతిరాత చూసిన రోజు నుంచి మా యూనిట్‌లో కొన్ని పనులు మారాయి. ముందు ఒక నోటుబుక్కు పెట్టాం. క్యాంపుల్లో, పీహెచ్‌సీల్లో క్రియాటినిన్ 1.5 దాటిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఆశా కార్యకర్త ఫోన్ నంబరు రాసుకుంటాం. చీటీ తెలుగులోనే ఇస్తాం. అందులో నాలుగు వాక్యాలే ఉంటాయి: మీ కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి. నొప్పి ఇంజెక్షన్, నొప్పి బిళ్ల వేసుకోవద్దు. ఎడమ చేతికి సూది వేయనివ్వద్దు. ఈ తేదీకి ఇక్కడికి రండి. ‘వీలైతే రండి’ అని రాయడం మానేసి తేదీ రాయడం మొదలుపెట్టాక వచ్చేవాళ్లు పెరిగారు. రాని మనిషి ఇంటికి ఆశా కార్యకర్త వెళ్తుంది. వడపోత 25 కంటే తగ్గినవాళ్ల ఎడమ మణికట్టుకు ఎర్ర గుడ్డ పట్టీ కడతాం. 108 వాళ్లకు, పీహెచ్‌సీ నర్సులకు ఆ పట్టీ అంటే ఏమిటో చెప్పాం.

ఆర్‌ఎంపీలను కూర్చోబెట్టి మాట్లాడాం. దీని మీద నా తోటి డాక్టర్లు కొందరు నాతో గొడవపడ్డారు, అర్హత లేనివాళ్లతో మనకేం మాటలని. ఊళ్లో ఇంజెక్షన్ వేసేది వాళ్లే అయినప్పుడు వాళ్లతో మాట్లాడకుండా ఇంజెక్షన్ ఎలా ఆపుతాం? ఒక పెద్దాయన సూటిగా అడిగాడు: “డాక్టరమ్మా, డైక్లో వద్దంటారు. రోజంతా పిక్కలు కొట్టిన మనిషి నొప్పి అంటే నేనేటి ఇవ్వాలి?” పారాసిటమాల్, కాపడం, రెండు రోజుల విశ్రాంతి అన్నాను. మొదటి రెండూ ఇవ్వగలను గానీ మూడోది నా చేతిలో లేదన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ పెద్దాయన అనుమానం ఉన్న మనిషిని ఇప్పుడు మాకే పంపుతున్నాడు.

విశాఖ ప్రయాణాలు తగ్గించడానికి ఫిస్టులా అవసరం ఉన్నవాళ్లను అయిదారుగురిని కూడగట్టి ఒకే బండిలో పంపుతున్నాం. చూపించుకోవడం, స్కానింగు ఒక్కరోజే అయ్యేట్టు సర్జన్‌తో ముందే మాట్లాడుకుంటాం. పాత రిపోర్టులు వాట్సాప్‌లో ముందు రోజే వెళ్తాయి. నాలుగు ప్రయాణాలు రెండయ్యాయి. సర్జన్ నెలకు ఒక రోజు ఇటు వస్తే ఒక్క ప్రయాణం కూడా అక్కర్లేదు, ఈ సంగతి రాతపూర్వకంగా పైకి పంపాను. చిన్న థియేటరు, మత్తుమందు సూది, మంచి లైటు, కుట్టడానికి సన్న దారం ఉంటే చాలు, మోచేతి దగ్గర మత్తిచ్చి గంటన్నరలో చేసే ఆపరేషన్ అది. వందల కోట్ల విషయం కాదు కాబట్టి ఎవరి దృష్టికీ రాదేమోనని నాకు బాధ.

ఈ నోటుబుక్కులో ఎవరు లేరో కూడా చూసుకోవాలి. మందస కొండల మీద సవర గూడేల నుంచి ఒక్క పేరు కూడా సరిగ్గా నిలబడలేదు. క్యాంపు రోడ్డు దాకా వెళ్తుంది, గూడెం దాకా వెళ్లదు. ఫోన్ చేస్తే సిగ్నల్ ఉండదు. మా చీటీలోని తెలుగు కూడా అక్కడి పెద్దవాళ్లకు సొంత భాష కాదు. సముద్రం పక్కన మత్స్యకారుల ఊళ్ల మగవాళ్లు నెలల తరబడి గుజరాత్ వేటకు పోయి ఉంటారు. వాళ్లకు మేం ఇచ్చే తేదీ ఏ తేదీ? ఉద్దానం అంటే కవిటి, సోంపేట కొబ్బరి తోటలని బయటివాళ్లకు తెలుసు. ఎంతో కొంత పేరు వచ్చింది కాబట్టి అక్కడికి ఎంతో కొంత వైద్యం వచ్చింది. పేరు రాని ఊళ్లలో జబ్బు లేదని నేననుకోను, పరీక్ష లేదంతే.

ఆమె ఇప్పుడూ మంగళవారం, శుక్రవారం వస్తుంది. పదకొండో నంబరు మెషీన్. అప్పులో సగం తీరింది. కూతురు ఫ్యాక్టరీ మానేసి దూరవిద్యలో డిగ్రీ కట్టింది, పరీక్ష ఫీజు కాగితం నాకు తెచ్చి చూపించింది. కొత్తగా ఎవరైనా మెడలో గొట్టంతో వస్తే ఆమె తన చెయ్యి చాపి, వాళ్ల చెయ్యి పట్టుకుని తన మోచేతి మీద పెడుతుంది. “ఇలా జుమ్మనాలి. నాకూ మెడలోనే ఉండేది,” అంటుంది. నేను పది నిమిషాలు చెప్పినా ఎక్కని సంగతి అలా ఎక్కుతుంది.

కిందటి నెల ఆమె ఆడపడుచును వెంటబెట్టుకొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు, అదే ఫ్యాక్టరీ, ఒంట్లో ఏమీ లేదంటుంది. క్రియాటినిన్ 1.6. తెలుగు చీటీ రాశాను, మూడు నెలల తర్వాత ఒక బుధవారం తేదీ వేశాను. చీటీ రెండుసార్లు చదువుకుని, “బుధవారం అంటే కూలి పోతాది డాక్టరమ్మా, ఆదివారం చూస్తారా?” అని అడిగింది. ఆదివారం మాకు ఓపీ లేదు. బుధవారం కొట్టేసి ఆదివారం తేదీ రాసి, ఆ రోజు నేనొస్తానని చెప్పాను.